మనుషులు చెట్లలా కనబడుతున్నారా?

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు. కూర్చోండి. వెనక నిలబడినవాళ్లు ముందుకు రావచ్చు, ఇక్కడ ఖాళీ ఉంది.

లోపలికి వస్తున్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక చిన్న తెల్లకాగితం ఇచ్చి ఉంటారు. దాన్ని బైబిల్లో పెట్టుకోండి. చివర్లో దానితో పని ఉంది.

సంఘ పెద్దలు నాకిచ్చిన అంశం 'ఆత్మీయ దర్శనం'. వాక్యంలోకి వెళ్లేముందు నాలుగేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. రాత్రిపూట బైబిల్ చదువుకుంటుంటే అక్షరాలు మసకగా కనబడటం మొదలైంది. ట్యూబ్‌లైట్ పాతబడిందనుకుని మార్పించాను. నెల తిరక్కుండానే మళ్లీ అదే మసక. ఈసారి ఇంకా ఎక్కువ వెలుగునిచ్చేది పెట్టించాను. టేబుల్‌ను కిటికీ పక్కకు జరిపాను. పెద్ద అక్షరాల బైబిల్ తెప్పించుకున్నాను. ఏడాది పాటు గదిలో ఉన్న ప్రతిదాన్నీ మార్చాను గానీ, కళ్లు చూపించుకోవాలని మాత్రం తోచలేదు. చివరికి మా అమ్మాయి పట్టుబట్టి తీసుకెళ్లింది. డాక్టరు గారు కంట్లోకి లైటు వేసి చూసి ఒక్క మాట అన్నారు: "మీ గదిలో వెలుగు సరిపోతుందండీ. శుక్లం ముదిరింది."

ఆపరేషన్ అయింది. కట్టు తీసేశాక ఇంటికొచ్చి నా గదిలో కూర్చున్నాను. మొట్టమొదట నాకు స్పష్టంగా కనబడిందేమిటో తెలుసా? దుమ్ము. నేను రోజూ మోచేతులు ఆనించే టేబుల్ అంచున, పుస్తకాల పైన, గోడకున్న ఫొటో చట్రం మీద. అది ఆ రోజు వచ్చిన దుమ్ము కాదు. ఎన్నాళ్లుగానో అక్కడే ఉంది. గది శుభ్రంగా ఉందనుకుంటూ నేను ఆ దుమ్ము మధ్యే ప్రార్థన చేసుకుంటూ వచ్చాను.

అప్పటినుంచి దర్శనం అనే మాట నాకు వేరేగా వినబడుతోంది. సంఘం మసకబారినట్టు అనిపిస్తే మనం ఏం చేస్తాం? లైట్లు మారుస్తాం. సౌండ్ సిస్టమ్ మారుస్తాం. పాటల బృందాన్ని మారుస్తాం, ఆరాధన వేళలు మారుస్తాం, కొన్నిచోట్ల కాపరినే మార్చేస్తాం. కంటి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

సామెతలు 29వ అధ్యాయం 18వ వచనం తీయండి. "దేవోక్తి లేనియెడల జనులు కట్టు లేక తిరుగుదురు." దర్శనం గురించి ఎవరు మాట్లాడినా ఈ వచనం చదువుతారు. కానీ గమనించండి, మన తెలుగు బైబిల్లో ఇక్కడ దర్శనం అనే మాట లేదు, దేవోక్తి అని ఉంది. నాకైతే అది చాలా చక్కని అనువాదం అనిపిస్తుంది. హెబ్రీలో అక్కడున్న మాట 'హాజోన్'. దేవుడు ప్రవక్తకు బయలుపరచేదాన్ని ఆ మాటతో చెబుతారు. యెషయా గ్రంథం మొట్టమొదటి వచనంలో యెషయాకు కలిగిన దర్శనం అన్నచోట ఉన్నదీ అదే మాట. ఆ తర్వాత 66 అధ్యాయాలు చదువుకుంటూ వెళ్లండి, అందులో ఎక్కువ భాగం దేవుడు మాట్లాడిన మాటలే. కాబట్టి దర్శనం మన ఊహలోంచి పుట్టదు, దేవుని నోటినుంచి వస్తుంది. బైబిల్ మూసిపెట్టి దర్శనం కోసం ఉపవాసం ఉండేవాళ్లను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. సామెతల్లో ఆ వచనం రెండో సగం చూడండి: "ధర్మశాస్త్రము ననుసరించువాడు ధన్యుడు." రెండూ ఒకే వచనంలో ఎందుకున్నాయో ఆలోచించండి.

ఇక 'కట్టు లేక తిరుగుట'. మోపుకు కట్టిన తాడు తెగిపోయిందనుకోండి. కట్టెలన్నీ ఉంటాయి, ఒక్కొక్కటీ గట్టిదే, కానీ ఇక మోపు ఉండదు. హెబ్రీలో ఈ క్రియాపదం నిర్గమకాండం 32వ అధ్యాయం 25వ వచనంలోనూ ఉంది. మోషే కొండ దిగి వచ్చేసరికి ప్రజలు విచ్చలవిడిగా ఉన్నారు కదా, అక్కడ. మోషే కొండ మీద ఉన్నది 40 రోజులు. ఆ 40 రోజుల్లో ఆ ప్రజలు ఆరాధన మానేశారా? లేదు. బలిపీఠం కట్టారు, కానుకలు ఇచ్చారు, చెవిపోగులు తీసి మరీ ఇచ్చారు. అహరోను "రేపు యెహోవాకు పండుగ" అని చాటింపు వేయించాడు. దేవుని పేరు ఉంది, పండుగ ఉంది, కానుక ఉంది, జనం ఉన్నారు. మధ్యలో దూడ ఉంది.

దర్శనం పోయిన సంఘం తలుపులు మూసుకుంటుందని మనం అనుకుంటాం. నేను చూసినంతలో అలా జరగదు. కార్యక్రమాలు పెరుగుతాయి. క్యాలెండర్ నిండిపోతుంది. అందుకే అది పోయిన సంగతి ఎవరికీ తెలియదు.

ఒకటవ సమూయేలు మూడో అధ్యాయంలో ఇదే జరిగింది. "ఆ దినములలో యెహోవా వాక్కు ప్రత్యక్షమగుట అరుదు" అని రాసి ఉంది. ఆ వెంటనే రెండో వచనంలో ఏలీ కళ్లు మసకబారాయని ఉంది. మూడో వచనంలో దేవుని దీపం ఇంకా ఆరిపోలేదని ఉంది. ఈ మూడు మాటలూ వరసగా రావడం నాకు ఊరకనే అనిపించదు. దీపం వెలుగుతోంది. వెలుగులో లోపం లేదు. చూడవలసిన యాజకుడికి చూపు లేదు. అంతకుముందు మొదటి అధ్యాయంలో హన్నా దేవాలయంలో పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే, ఆ ఏలీయే ఆమె నోరు కనిపెట్టి చూసి తాగి వచ్చిందనుకున్నాడు. అప్పటికి ఆయన కంటిచూపు పోయిందని రాసి లేదు. పెదవుల కదలిక కనబడింది, గుండెలో ఉన్నది కనబడలేదు. శరీరపు చూపు పోవడానికి ఎంతో ముందే ఆయన మనోనేత్రాలు మసకబారాయేమో అనిపిస్తుంది నాకు.

అయినా ఏలీని తక్కువ చేయకండి. మూడోసారి సమూయేలు లేచి వచ్చినప్పుడు, పిలుస్తున్నది యెహోవా అని గ్రహించినవాడు ఆ ముసలాయనే. "వెళ్లి పండుకో, మళ్లీ పిలిస్తే, నీ దాసుడు ఆలకిస్తున్నాడు, మాట్లాడు అని చెప్పు" అని నేర్పించాడు. తనకు రాని పిలుపును ఒక బాలుడికి గుర్తుపట్టి చెప్పాడు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకు నేను ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ కళ్లకు ఇక కొత్తగా ఏమీ కనబడటం లేదనుకుంటే, మీ పక్కన కూర్చున్న పిల్లవాడికి ఏం వినబడుతోందో అడగండి. అతన్ని పండుకోమని పంపించేటప్పుడు, మళ్లీ పిలుపు వస్తే ఏమనాలో చెప్పి పంపండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న చోటికి వస్తాను. మార్కు సువార్త 8వ అధ్యాయం 22వ వచనం నుంచి.

బేత్సయిదాలో ఒక గుడ్డివాణ్ని యేసు దగ్గరికి తీసుకొచ్చి, ముట్టమని వేడుకున్నారు. ఆయన అతని చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించుకుని వెళ్లాడు. ఆ నడక గురించి మార్కు ఇంకేమీ రాయలేదు. నాకు మాత్రం అక్కడే కాసేపు ఆగాలనిపిస్తుంది. ఆ మనిషికి తనను నడిపిస్తున్నది ఎవరో కనబడదు. ఎక్కడికో తెలియదు. తెలిసిందల్లా తన చేతిలో ఉన్న చెయ్యి ఒక్కటే. చూపు రాకముందే అతను యేసు వెంట నడిచాడు. నాకు ముందు అంతా చూపించు, తర్వాత నడుస్తాను అని ప్రభువుతో బేరం పెట్టేవాళ్లం ఈ వచనం దగ్గర ఆగి చూసుకోవాలి.

ఊరి బయట ఆయన అతని కన్నుల మీద ఉమ్మి వేసి, చేతులుంచి, "నీకేమైనను కనబడుచున్నదా?" అని అడిగాడు. సువార్తల్లో ఇంకెక్కడా యేసు స్వస్థపరచి, కుదిరిందా అని అడిగినట్టు లేదు. అతను కన్నులెత్తి చూసి నిజాయితీగా చెప్పాడు: మనుషులు కనబడుతున్నారు, కానీ చెట్లలా ఉండి నడుస్తున్నట్టు కనబడుతున్నారు.

ఆ మనిషి స్థానంలో మనం ఉంటే ఏమనేవాళ్లం? ఇన్నాళ్లూ చీకటి. ఇప్పుడు వెలుతురు వచ్చింది, కదలికలు తెలుస్తున్నాయి. "స్తోత్రం ప్రభువా, కనబడుతోంది" అని సాక్ష్యం చెప్పేసి ఇంటికి వెళ్లిపోయేవాళ్లం. అతను అలా చేయలేదు. కనబడుతోంది గానీ తేటగా లేదు అని ఒప్పుకున్నాడు. అప్పుడు ప్రభువు రెండోసారి చేతులుంచాడు. "వాడు తేరిచూచి కుదుర్చబడి సమస్తమును తేటగా చూడసాగెను."

ప్రభువుకు మొదటిసారి శక్తి చాలలేదా? ఆ మాట ఎవరూ అనలేరు. ఒక్క మాటతో లాజరును లేపినవాడు ఆయన. ఇది రెండు దశల్లో ఎందుకు జరిగిందో తెలియాలంటే ముందూ వెనకా చదవాలి. ముందు ఏముంది? శిష్యులు పడవలో ఉన్నారు. రొట్టెలు తేవడం మరచిపోయారు, ఒకే ఒక్క రొట్టె ఉంది. దాని గురించి టెన్షన్ పడుతున్నారు. 5,000 మందికీ 4,000 మందికీ పెట్టినవాడు అదే పడవలో కూర్చుని ఉన్నాడు. అప్పుడు ప్రభువు అన్నాడు, "మీరు కన్నులుండియు చూడరా?" వెనక ఏముంది? పేతురు "నీవు క్రీస్తువు" అని గొప్పగా ఒప్పుకున్నాడు. యేసు తాను శ్రమపడి చంపబడాలని చెప్పగానే, అదే పేతురు ఆయన చెయ్యి పట్టుకుని గద్దించాడు. క్రీస్తు కనబడ్డాడు, సిలువ కనబడలేదు. పేతురు చూపు ఆ గుడ్డివాడి మొదటి చూపే. చెట్లు నడుస్తున్నాయి.

అంటే సగం చూపు అవిశ్వాసులకు ఉండేది కాదు. యేసు ఒకసారి ముట్టినవాళ్లకు ఉండేది. రక్షణ పొందినవాళ్లకు, బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు, పరిచర్యలో ఉన్నవాళ్లకు. నాకూ, మీకూ.

మనుషులు చెట్లలా కనబడటం అంటే ఏమిటో నాకు ఒక కమిటీ మీటింగ్‌లో తెలిసింది. చాలా ఏళ్లయింది. నేను కొత్తగా సంఘ పెద్దనయ్యాను. ఆ సాయంత్రం రెండున్నర గంటలు కుర్చీల గురించి మాట్లాడుకున్నాం. పాతవి బాగుచేయించాలా, కొత్తవి కొనాలా. మాటామాటా పెరిగింది, మళ్లీ సర్దుకున్నాం, ముగింపు ప్రార్థనకు లేచాం. అప్పుడు గుమ్మం దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, ఆమె కమిటీ సభ్యురాలు కూడా కాదు, మందిరం తాళం వేయడానికి మేం లేచేదాకా ఎదురుచూస్తోంది. ఆమె మెల్లగా అడిగింది: "రెండో వరసలో గోడవైపు కూర్చునే ఆ అబ్బాయి మూడు నెలల్నుంచీ రావట్లేదు. మీలో ఎవరికైనా కబురు తెలుసా అయ్యా?"

ఎవరికీ తెలియదు. కార్యదర్శి హాజరు పుస్తకం తెరిచారు. ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు. ప్రతి ఆదివారం తేదీ, దాని ఎదురుగా పురుషులు ఇంతమంది, స్త్రీలు ఇంతమంది, పిల్లలు ఇంతమంది, మొత్తం. కింద ఎర్ర గీత. ఒక్క వారం కూడా తప్పలేదు. ఆ మూడు నెలల్లో మొత్తం పెరిగింది కూడా. ఆ పుస్తకంలో ఒక్క పేరు లేదు.

మర్నాడు నేనూ ఇంకొకరూ వెళ్లాం. తలుపు సగమే తెరిచి నిలబడ్డాడు. ఉద్యోగం పోయిందట. గడ్డం పెరిగింది, లోపల చీకటిగా ఉంది. "మొదటి రెండు ఆదివారాలూ ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూశానండీ, తర్వాత అలవాటైపోయింది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. అతను మళ్లీ మా సంఘానికి రాలేదు. వేరే సంఘంలో ఆరాధనకు వెళ్తున్నాడని కొన్నేళ్ల తర్వాత తెలిసింది. దేవునికి స్తోత్రం. కానీ ఆ మూడు నెలలు అతను మా కంటికి ఒక చెట్టు. లెక్కలోకి వచ్చే ఆకారం. తాళం వేయడానికి వచ్చిన ఆ తల్లికి మాత్రం అతనొక మనిషి.

మత్తయి 9:36 చూడండి. యేసు జనసమూహాలను చూసి, వారు కాపరి లేని గొర్రెల్లా విసిగి చెదరి ఉన్నందున వారిమీద కనికరపడ్డాడు. అదే గుంపును శిష్యులూ చూశారు. వాళ్లకు గుంపు కనబడింది, ఆయనకు విసుగు కనబడింది. ఆత్మీయ దర్శనం అంటే నాకు అర్థమైంది ఇదే. యేసు చూసేదాన్ని, యేసు చూసినట్టుగా చూడటం. దేవుణ్ని తేటగా చూడటం, ఆ వెలుగులో మనిషిని తేటగా చూడటం. మిగతా ప్రణాళికలన్నీ దీని తర్వాతే.

లెక్కలు వద్దంటున్నానా? అస్సలు కాదు. ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ గురించి మీరు వినే ఉంటారు. చెప్పులు కుట్టే పనిలో ఉన్న రోజుల్లో తాను పనిచేసే చోట గోడకు ప్రపంచ పటం ఒకటి పెట్టుకున్నాడు, కాగితాలు అంటించి తనే తయారు చేసుకున్నది. ఒక్కో దేశం దగ్గర అక్కడి జనసంఖ్య, మతం, వివరాలు రాసుకున్నాడు. 1792లో ఆయన రాసిన చిన్న పుస్తకంలో పేజీలకు పేజీలు ఇలాంటి లెక్కల పట్టికలే. అవీ అంకెలే, మా హాజరు పుస్తకంలోవీ అంకెలే. మా అంకెలు చూసుకుని మేం తృప్తిపడ్డాం. ఆయన అంకెలు ఆయన్ని కూర్చోనివ్వలేదు. ఆ ఏడాది మే నెలలో నాటింగ్‌హామ్‌లో, "నీ గుడారపు స్థలమును విశాలపరచుము" అనే యెషయా 54వ అధ్యాయం మీద ప్రసంగించాడు. మర్నాడు సేవకులందరూ ఏ నిర్ణయమూ లేకుండా విడిపోబోతుంటే, మళ్లీ ఏమీ చేయకుండానే వెళ్లిపోతామా అని పక్కనున్న తోటి సేవకుడు ఆండ్రూ ఫుల్లర్‌ను నిలదీశాడు. ఆ అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక ఇంట్లో కొద్దిమంది కూడి మిషన్ సంఘాన్ని ప్రారంభించారు.

1793లో ఆయన బెంగాల్ చేరాడు. ఆయన మిషన్‌లో మొదటి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్ బాప్తిస్మం 1800 డిసెంబరు చివర్లో. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో కొడుకు చనిపోయాడు, భార్యకు మతి చలించింది. ఈ కష్టాలన్నిటినీ దర్శనం పేరుతో తేలిగ్గా దాటేయడం నాకు ఇష్టం లేదు. ఆమె పడిన బాధ చిన్నది కాదు. ఇంట్లో మనిషిని తేటగా చూడటం కూడా దర్శనమే, దూరదేశాన్ని చూసే కన్ను పక్కగదిని చూడలేకపోవచ్చు. సేవకులారా, ఇది మన ఇళ్లలో మనం ప్రభువు ముందు పరీక్షించుకోవలసిన సంగతి. అయినా ఆయన పని వదిలి వెళ్లలేదన్నది నిజం. 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో ఆయన మిషన్ ముద్రణాలయం కాలిపోయింది. ఏళ్ల తరబడి చేసిన అనువాదాల రాతప్రతులు బూడిదయ్యాయి. మళ్లీ మొదటినుంచి కూర్చుని రాశాడు. హబక్కూకు గ్రంథం రెండో అధ్యాయంలో దర్శనాన్ని గురించి, "అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము" అని ఉంది కదా. కనిపెట్టడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని ఆ మనిషి జీవితం చెబుతోంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చెప్పకపోతే నా మనస్సాక్షి ఊరుకోదు. "దేవుడు నాకు దర్శనమిచ్చాడు" అనే మాటతో సంఘాల్లో చాలా అన్యాయం జరుగుతోంది. ఆ మాట అన్నాక ఎవరూ ప్రశ్న వేయకూడదు. లెక్క అడిగితే ఆత్మను ఆర్పుతున్నావంటారు. యిర్మీయా 23:16లో దేవుడు అలాంటి ప్రవక్తల గురించి, వాళ్లు "తమకు తోచిన దర్శనమునుబట్టి" మాట్లాడుతున్నారని అన్నాడు. తోచిన దర్శనానికీ కలిగిన దర్శనానికీ తేడా ఎలా తెలుసుకోవాలి?

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. పౌలు ఆసియాకు వెళ్లాలనుకున్నాడు, ఆత్మ ఆటంకపరచాడు. బితూనియకు వెళ్లబోయాడు, అదీ కుదరలేదు. త్రోయలో రాత్రి దర్శనంలో మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి, "నీవు మాసిదోనియకు వచ్చి మాకు సహాయము చేయుమని" వేడుకున్నాడు. దర్శనం కలిగింది పౌలు ఒక్కడికే. కానీ పదో వచనంలో ఏముందో చూడండి: దేవుడు మమ్మల్ని పిలిచాడని *మేము* నిశ్చయించుకున్నాం. లూకా 'మేము' అని రాయడం ఈ గ్రంథంలో ఇక్కడే మొదలవుతుంది. అంత గొప్ప అపొస్తలుడు కూడా తనకు కలిగిన దర్శనాన్ని సహోదరుల ముందు పెట్టాడు, అందరూ కలిసి ఆలోచించారు, కలిసి ఓడ ఎక్కారు. మీ కాపరి దర్శనం చెప్పినప్పుడు ప్రార్థించి ప్రశ్నలు అడగండి. నిజంగా దేవుని దగ్గరనుంచి వచ్చినదైతే ప్రశ్నలకు అది చెదిరిపోదు.

ఇంకో సంగతి. దర్శనంలో కనబడింది ఒక పురుషుడు. ఫిలిప్పీకి వెళ్లాక వాళ్లకు దొరికింది నది ఒడ్డున ప్రార్థనకు కూడిన కొంతమంది స్త్రీలు. నేను చూసిన మనిషి ఎక్కడ అని పౌలు వెతుక్కుంటూ వెళ్లిపోలేదు. కూర్చుని ఆ స్త్రీలతో మాట్లాడాడు. ప్రభువు లూదియ హృదయం తెరిచాడు. ఆ తర్వాత దెబ్బలు, చెరసాల, కాళ్లకు బిగించిన బొండ. అర్ధరాత్రి చెరసాల నాయకుడు వణుకుతూ వచ్చి "రక్షణ పొందుటకు నేనేమి చేయవలెను?" అన్నప్పుడు, సహాయం చేయమన్న ఆ మాసిదోనియ మనిషి పౌలుకు గుర్తొచ్చాడో లేదో లూకా రాయలేదు. నాకైతే గుర్తొస్తాడు. మనం అనుకున్న ఆకారంలో దర్శనం నెరవేరకపోతే అది తప్పిపోయిందని తొందరపడకండి. ఎదురుగా ఉన్నవాళ్లతో కూర్చోండి.

ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో ఉన్న లవొదికయ సంఘం గురించి రెండు మాటలు చెప్పి మళ్లీ మార్కు దగ్గరికి వస్తాను. లవొదికయ బాగా డబ్బున్న పట్టణం. క్రీ.శ. 60లో భూకంపంలో కూలిపోతే, రోమ్ సహాయం తీసుకోకుండా తన సొంత డబ్బుతోనే లేచి నిలబడిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. వైద్యానికీ పేరున్న చోటు. కళ్లకు మందులున్న ప్రాంతంలో ఉన్న సంఘంతో ప్రభువు, నువ్వు గుడ్డివాడివి, "నీకు దృష్టి కలుగునట్లు నీ కన్నులకు కాటుకను నాయొద్ద కొను" అంటున్నాడు. "నాకేమియు కొదువలేదు" అని ఆ సంఘం చెప్పుకుంటోంది. అది వాళ్ల ఖాతా పుస్తకం ప్రకారం నిజమే అయి ఉంటుంది. ఆ మాట చెప్పగలిగే స్థితికి వచ్చిన సంఘం గురించి నాకు భయం ఎక్కువ. మందిరం కట్టేశాం, అప్పు తీరిపోయింది, కుర్చీలు నిండుతున్నాయి. ప్రభువు మాత్రం తలుపు బయట నిలబడి తడుతున్నాడు.

ఇప్పుడు మార్కు సువార్త. బేత్సయిదా గుడ్డివాడు 8వ అధ్యాయంలో ఉన్నాడు. 10వ అధ్యాయం చివర ఇంకో గుడ్డివాడున్నాడు, బర్తిమయి. ఈ ఇద్దరి మధ్యలో యేసు మూడుసార్లు తన మరణం గురించి చెప్పాడు. మొదటిసారి పేతురు గద్దించాడు. రెండోసారి శిష్యులు తమలో ఎవడు గొప్పవాడని దారిలో వాదించుకున్నారు. మూడోసారి యాకోబు, యోహాను వచ్చి నీ మహిమలో నీ కుడివైపున ఒకరం, ఎడమవైపున ఒకరం కూర్చుంటామని అడిగారు. అంతా చూపున్నవాళ్లే.

యాకోబు యోహానులు వచ్చినప్పుడు యేసు వాళ్లను ఒక ప్రశ్న అడిగాడు: నేను మీకేమి చేయాలని కోరుతున్నారు? కొన్ని వచనాల తర్వాత దారిపక్కన బిచ్చమెత్తుకునే బర్తిమయినీ అదే ప్రశ్న అడిగాడు: నేను నీకేమి చేయాలని కోరుతున్నావు? ఒకే ప్రశ్న. వాళ్లు కుర్చీలు అడిగారు. ఇతను చూపు అడిగాడు. మా కమిటీ రెండున్నర గంటలు దేని గురించి మాట్లాడుకుందో నేను ఈ వచనాలు చదివినప్పుడల్లా గుర్తొస్తుంది.

బర్తిమయికి చూపు వచ్చింది. "నీవు వెళ్లుము" అన్నాడు యేసు. అతను ఇంటికి వెళ్లలేదు. దారిలో ఆయన వెంట వెళ్లాడు అని రాసి ఉంది. ఆ దారి యెరూషలేముకు పోతుంది. అక్కడ సిలువ ఉంది.

సరే, ఇప్పుడు ఆ కాగితం తీయండి. పెన్ను లేనివాళ్లు పక్కవాళ్లను అడగండి. మన సంఘంలో మీరు ఈ మధ్య చూడని ఒక్క మనిషి పేరు దానిమీద రాయండి. వస్తూనే ఉన్నా మీరు మొహం చూసి మాట్లాడని మనిషైనా సరే. పేరు గుర్తురాకపోతే, ఎక్కడ కూర్చునేవారో అది రాయండి. రెండో వరస, గోడవైపు, అలా. ఎవరూ గుర్తురాకపోతే కాగితం ఖాళీగానే ఉంచి, బేత్సయిదా మనిషిలా ఉన్నది ఉన్నట్టు ప్రభువుతో చెప్పండి. నాకు చెట్లే కనబడుతున్నాయి ప్రభువా, ఇంకోసారి చెయ్యి వేయి అని.

రాయండి. తొందర లేదు. పాట ఇప్పుడే ఎత్తకండి, కాసేపు మౌనంగా ఉందాం. అందరూ రాశాక ప్రార్థన చేసుకుని, ఆ పేర్లు ఉన్నవాళ్ల ఇళ్లకు ఈ వారం ఎవరెవరు వెళ్లాలో ఇక్కడే అనుకుందాం.